చూసేవాడికీ చూడబడేదానికీ నడుమ

సభలోని పెద్దలకు, మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

తిరుపతిలో అద్వైతం గురించి, అంటే ఉన్నది ఒక్కటే, రెండోది లేదనే దర్శనం గురించి మాట్లాడవలసి వచ్చినప్పుడు శ్రీకాళహస్తి నుంచి మొదలుపెట్టడమే నాకు సహజంగా తోస్తుంది. పంచభూత క్షేత్రాలలో కంచి పృథివికి, జంబుకేశ్వరం జలానికి, అరుణాచలం అగ్నికి, చిదంబరం ఆకాశానికి నెలవులైతే, స్వర్ణముఖి ఒడ్డున ఉన్న మన కాళహస్తి వాయువుకు నెలవు. గర్భాలయంలోని ఒక దీపం గాలి సోకే దారి లేకున్నా రెపరెపలాడుతుందని, అది వాయులింగపు ఊపిరికి గుర్తని భక్తులు చెప్పుకుంటారు. ఆ దీపానికి చేతులు జోడించే మనం, అదే సమయంలో మన ముక్కుపుటాలలో నడుస్తున్న గాలిని మాత్రం గమనించం. ఈ సభలో ఒకరు విడిచిన గాలినే మరొకరు పీలుస్తున్నారు. అది ఎంతవరకు బయటి గాలి, ఎక్కడి నుంచి నా ప్రాణం? తాగిన నీరు, తిన్న అన్నం విషయంలోనూ ఇదే ప్రశ్న వేసుకోవచ్చు. ఆత్మ నుంచి ఆకాశం, ఆకాశం నుంచి వాయువు, వాయువు నుంచి అగ్ని, అగ్ని నుంచి నీరు, నీటి నుంచి భూమి, భూమి నుంచి ఓషధులు, వాటి నుంచి అన్నం, అన్నం నుంచి పురుషుడు అని తైత్తిరీయోపనిషత్తు వరుసగా చెప్పుకుపోతున్నప్పుడు, ఆ వరుసలో ఎక్కడా తెగిన చోటు కనిపించదు.

అయితే ఇక్కడితో ఆగిపోతే మనం దేహానికీ ప్రకృతికీ ఉన్న సంబంధాన్ని తెలుసుకున్నామే గాని అద్వైతంలోకి ఇంకా అడుగుపెట్టలేదు. దేహం ప్రకృతిలో భాగమని ఒప్పుకున్న మనిషి కూడా, ఈ ప్రకృతినంతా లోపల ఎక్కడో కూర్చుని చూస్తున్న 'నేను' ఒకడు వేరుగా ఉన్నాడని గట్టిగా నమ్ముతాడు. పరిశీలించవలసింది ఆ నమ్మకాన్ని.

మీ తలపైన తిరుగుతున్న ఫ్యాను శబ్దాన్ని కాసేపు వినండి. శబ్దం అక్కడ ఉంది, వినేవాణ్ణి ఇక్కడ ఉన్నాను అని మనకు అలవాటుగా తోస్తుంది. ఆ ఊహను పక్కనపెట్టి కేవలం వినికిడిలోనే వెతికితే, శబ్దం ముగిసి వినేవాడు మొదలయ్యే చోటు నాకైతే ఎన్నడూ దొరకలేదు. దొరికేది 'నేను వింటున్నాను' అనే ఒక తలపు. శబ్దం ఎలా తెలుస్తున్నదో ఆ తలపూ అలాగే తెలుస్తున్నది. కుర్చీకి ఆనిన వీపు స్పర్శ కూడా అంతే. మన పాత చిత్తూరు జిల్లా మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి ఏ శాస్త్రాన్నీ ప్రమాణంగా చూపకుండానే, చూసేవాడూ చూడబడేదీ వేరు కాదని జీవితాంతం చెబుతూ వచ్చారు. ఆయన మార్గం వేరైనా, మనిషిని నిలబెట్టి చూడమన్న చోటు ఇదేనని నా అభిప్రాయం.

ఇక్కడ ఒక పొరపాటుకు అవకాశం ఉంది. రూపాన్ని కన్ను, కన్నును మనస్సు, మనస్సును దాని వెనుక ఉన్న ఎరుక, అంటే సాక్షి, చూస్తున్నాయని వేదాంతం మెట్లు మెట్లుగా చెబుతుంది. చాలామంది సాధకులు ఆ సాక్షి దగ్గరే ఆగి, లోకాన్ని దూరం నుంచి చూస్తూ నిలబడటమే జ్ఞానమనుకుంటారు. అప్పుడు సాక్షి, లోకం అని రెండు మిగిలే ఉంటాయి గదా! పన్నెండు మంత్రాల మాండూక్యోపనిషత్తుపై కారికలు, అంటే వివరణ శ్లోకాలు, రచించిన అద్వైతాచార్యులు గౌడపాదులు ఘటాకాశ దృష్టాంతంతో, అంటే కుండలోని ఖాళీ చోటును ఉదాహరణగా చూపి, ఈ చిక్కును విప్పారు. కుండ పగిలితే లోపలి ఆకాశం బయటి ఆకాశంలో కలిసిందంటాం గాని, నిజానికి కుండ చెక్కుచెదరకుండా ఉన్నప్పుడు కూడా ఆకాశం రెండుగా చీలలేదు. ఈ రెండో సగమే నాకు ప్రాణప్రదమైనది. ఏకత్వం కోసం దేహం పడిపోనక్కరలేదు, సమాధిలో లోకం మాయం కానక్కరలేదు. ఒక అద్భుతమైన అనుభూతి కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే వారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే వచ్చిన అనుభూతి ఏదైనా పోక తప్పదు. గౌడపాదులు చెప్పింది రావడం, పోవడం లేనిదాని గురించి.

వేంకటాద్రి పాదాల దగ్గర నిలబడి రామానుజులను తలచుకోకుండా ఈ మాట ముగించలేను. జీవులూ జగత్తూ ఈశ్వరునికి శరీరమని, శరీరానికీ శరీరికీ భేదం నిజమే అయినా విడదీయరాని సంబంధం ఉందని చెప్పి ఆయన అద్వైతాన్ని బోధించిన శంకరులతో విభేదించారు. ఆ విభేదాన్ని చిన్నది చేసి చూపడం ఇద్దరికీ అన్యాయం. కానీ కొండ మొత్తాన్నీ భగవత్స్వరూపంగా భావించి, పాదం మోపడానికి సంకోచించి, రామానుజులు మోకాళ్లపై ఎక్కారని సంప్రదాయం చెబుతుంది. రాయి, చెట్టు, మెట్టు అన్నీ జడమైన వస్తువులని, వాటి నడుమ తానొక్కడే చేతనుడనని భావించే మనిషికి ఆ సంకోచం కలగదు.

అంతా ఒకటే అయితే పక్కవాడి ఆకలి నాకెందుకు తెలియదని విద్యార్థులు తరచు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఆకలి ప్రాణధర్మం, దాన్ని గుర్తించేది మనస్సు. ప్రాణాలూ మనస్సులూ నిత్యజీవిత వ్యవహారంలో వేర్వేరని శంకరులే అంగీకరించారు. అద్వైతం చెప్పే ఏకత్వం ఆ మనస్సులను కలిపి ఒకే మనస్సును చేయదు. అతని ఆకలిని అతనికీ, నా ఆకలిని నాకూ తెలియజేస్తున్న ఎరుకలో మాత్రం అతనిది, నాది అని విడదీసే గుర్తు ఏదీ లేదు; ఉందంటారా, అది ఎలా ఉందో చూపమని నేను ఆ విద్యార్థులనే తిరిగి అడుగుతుంటాను.