మూసీ ఎటు పోతే అటు

అందరికీ నమస్కారం.

ఇక్కడ కూర్చున్నవాళ్లలో మూసీని దాటనివాళ్లు ఉండరు. కానీ ముక్కు మూసుకుని వంతెన దాటడం తప్ప, ఆగి చూసినవాళ్లు ఎంతమంది? నేనూ హైదరాబాద్‌లో చాలా ఏళ్లు అట్లాగే బతికాను. చార్మినార్ ఒకచోట, గండిపేట ఒకచోట, ఘట్‌కేసర్ ఇంకెక్కడో. ఆదివారాలు ఏటి వెంట తిరగడం మొదలుపెట్టాకే అవన్నీ ఒకదానికొకటి చుట్టాలని తెలిసింది. చూడాల్సిన స్థలాల లిస్టు పక్కన పెట్టి, ఒక నీటిదారి పట్టుకోండి. నేను చెప్పాలని వచ్చింది ఇదే.

నడక పురానాపూల్ దగ్గర మొదలుపెట్టండి. 1578లో కట్టిన వంతెన. చార్మినార్ 1591 నాటిది. అంటే ముందు వంతెన, ఆ తర్వాతే నగరం! గోల్కొండ నుంచి ఏరు దాటే దారి పడ్డాక అవతలి ఒడ్డున ఊరు లేచింది. ఇప్పుడు ఆ వంతెన మీద కూరగాయల అంగడి. తోటకూర కట్టల మీద నీళ్లు చిలకరిస్తున్న ఒక పెద్దమ్మను, వెలుగు బాగుందని చటుక్కున ఫొటో తీశాను. ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, "అడిగి తియ్యాలె గద బిడ్డా" అంది. గొంతులో కోపం లేదు. అందుకే ఇంకా ఎక్కువ తగిలింది. ఆ ఫొటో అక్కడే డిలీట్ చేసి, పక్కన కూర్చుని మాట్లాడాను. ఆ రోజు నుంచి ముందు మాట, తర్వాతే కెమెరా.

అక్కడి నుంచి ఒడ్డు వెంటే ఉస్మానియా ఆసుపత్రి ఆవరణకు వెళ్తే ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమందిని మింగినప్పుడు, దాదాపు 150 మంది ఈ కొమ్మల మీదికి ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలోనే తల్లినీ, భార్యనీ, కూతుర్నీ పోగొట్టుకున్నాడు. ఆ మాను మీద చెయ్యి పెట్టి ఒక్క నిమిషం నిలబడండి. కారులో పోయేవాళ్లకు అది మామూలు చెట్టే.

ఇక సైకిల్. చెట్టు దగ్గర మొదలైన కథ మిగతా భాగం పడమటి వైపు ఉంది. లంగర్‌హౌజ్ దాకా వెళ్తే బాపూఘాట్, మూసీ, దాని ఉపనది ఈసీ కలిసేచోటు. గాంధీ అస్థికలు కలిపిన ఘాట్ అది. అక్కడి నుంచి గండిపేట వైపు తొక్కుతుంటే ఎత్తు ఎక్కుతున్న సంగతి తొడలకే తెలుస్తుంది. నీళ్లు ఊరి మీదికి అంత ఉరుకుగా ఎందుకొచ్చాయో నాకు మ్యాప్ చూస్తే అర్థం కాలేదు, ఆ ఎత్తు తొక్కాక అర్థమైంది. వరద తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. నీటిని ఊరికి ఎగువనే ఆపాలన్నది ఆయన ఆలోచన. అట్లా 1920లో మూసీ మీద ఉస్మాన్ సాగర్, అదే మన గండిపేట చెరువు, 1927లో ఈసీ మీద హిమాయత్ సాగర్ వచ్చాయి. కట్ట మీద చల్లగాలికి చెమట ఆరుతుంటే నాకు ఆ చింతచెట్టే గుర్తొస్తుంది.

తూర్పు వైపు ఎవరూ వెళ్లరు. తప్పకుండా వెళ్లండి. ఉప్పల్ దాటి పీర్జాదిగూడ, ప్రతాపసింగారం దారిలో ఏటి పక్కన పచ్చగా పారాగడ్డి పెంచుతారు, బర్రెల కోసం. ఆ గడ్డికి పారేది మన ఇళ్లలోంచి వదిలిన మురుగే. ఆ గడ్డి తిన్న బర్రెల పాలు మళ్లీ మన ఊరికే వస్తాయి. కత్వ దగ్గర, అంటే ఏటికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్ట దగ్గర, నీళ్లు దూకేచోట తెల్లటి నురగ లేస్తుంది. పొద్దున ఎండలో అది ఫొటోలో మంచులా, ఎంతో అందంగా పడుతుంది. ఆ ఒక్క ఫొటో చూపిస్తే అబద్ధం చెప్పినట్టే. అందుకే ఎప్పుడూ దాని పక్కన గడ్డి కోసే ఒకాయన చేతుల ఫొటో పెడతాను, ఆయన్ను అడిగి తీసిందే. కొడవలి పట్టిన వేళ్ల సందుల్లో చర్మం ఒలిచి, తెల్లగా నాని ఉంటుంది. "గోకుడు తగ్గదు సార్" అన్నాడు.

సామాన్ల గురించి చాలామంది అడుగుతారు. ఫోన్ కెమెరా చాలు, గేర్ల సైకిలే కానక్కర్లేదు. పంక్చర్ కిట్, రెండు సీసాల నీళ్లు ఉంటే సరి. కుక్కలు వెంటపడితే స్పీడ్ పెంచకండి. దిగి, సైకిల్‌ను మీకూ వాటికీ మధ్య పెట్టుకుని మెల్లగా నడవండి.

వాడపల్లి దగ్గర మూసీ కృష్ణలో కలిసేచోటికి నేనింకా తొక్కలేదు, చలికాలంలో వెళ్లాలి. ఈలోపు వచ్చే ఆదివారం పొద్దున ఐదున్నరకు పురానాపూల్ దగ్గర ఉంటాను. రాగలిగినవాళ్లు రండి. ఒక చేతిసంచి తెచ్చుకోండి, ఆ పెద్దమ్మ దగ్గర తోటకూర కొనుక్కుందాం.