ఆర్నెల్లకో టపా రాసేవారి కోసం ఫీడ్ రీడర్

(పర్లాకిమిడిలో తెలుగు పాఠకుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. 1936లో ఒడిశాలో కలిసింది. ఇక్కడ చాలా ఇళ్లలో పిల్లలకు బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. కొత్తగా రాస్తున్న తెలుగు మన దాకా చాలావరకు ఫోన్లోనే వస్తోంది. అందులో శ్రద్ధగా రాసిన తెలుగు కావాలంటే బ్లాగుల్లో వెతుక్కోవాలి.

కష్టం ఎక్కడుందంటే, బాగా రాసేవాళ్లు తరచుగా రాయరు. శాసనాల మీదో, పాత పద్యాల మీదో, పంటల మీదో ఆర్నెల్లకో టపా వస్తుంది. నలభై బ్లాగులు ఇష్టమైతే నలభై గుమ్మాలూ రోజూ తొక్కి చూడలేం. ఫేస్‌బుక్‌ను నమ్ముకుంటే, ఎక్కువమంది స్పందించినదే పైకి తేలుతుంది, నెమ్మదిగా రాసేవారి టపా అడుగున ఉండిపోతుంది. ఒకప్పుడు కూడలి, జల్లెడ, హారం, మాలిక వంటి సంకలినులు తెలుగు బ్లాగులన్నిటినీ ఒకచోట చూపించాయి. ఫీడ్ రీడర్ అంటే మీరు ఎంచుకున్న బ్లాగుల కొత్త టపాలను తెచ్చి చూపే యాప్, మీరే కట్టుకునే కూడలి. ఇందులో వరస మీది.

ఫీడ్ అనేది బ్లాగు తనంతట తానే తయారుచేసి ఉంచే చిన్న ఫైలు. తాజా టపాల పేర్లు, తేదీలు, లంకెలు, పాఠం అందులో ఉంటాయి. 1999లో వచ్చిన ఆర్ఎస్ఎస్, 2005లో ప్రమాణంగా స్థిరపడిన ఆటమ్ అని రెండు రకాలు. రీడర్లు రెండిటినీ చదువుతాయి కాబట్టి మీరు ఆ తేడా పట్టించుకోనక్కర్లేదు. రీడర్ అప్పుడప్పుడూ వెళ్లి ఆ ఫైలు మారిందా అని అడుగుతుంది. చాలా సర్వర్లు, మారకపోతే ‘304’ అని జవాబిచ్చి ఊరుకుంటాయి, ఫైలు మళ్లీ దిగదు. అందుకే డేటా ఖర్చు స్వల్పం. డేటా తినేవి బొమ్మలు.

ఆండ్రాయిడ్ ఫోనుకు ‘ఫీడర్’ చాలు. ఉచితం, ఖాతా తెరవనక్కర్లేదు. ఐఫోనుకు నెట్‌న్యూస్‌వైర్, కంప్యూటర్లో థండర్‌బర్డ్ ఉన్నాయి. ఫోన్లో చదివింది కంప్యూటర్లోనూ చదివినట్టే కనిపించాలంటే ఫీడ్లీ, ఇనోరీడర్ లాంటివి కావాలి. మొదలుపెట్టేవారికి మేం ఫీడర్‌నే చెబుతాం. సెట్టింగుల్లో ‘వైఫైలో మాత్రమే’, ‘ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు మాత్రమే’ అన్నవి పెట్టి, రోజుకొకసారి చూడమనండి. వైఫై ఉన్న ఇంట్లో రాత్రి దిగిన టపాలు, కొండదారిలో సిగ్నల్ తెగినా బస్సులో చదువుకోవచ్చు. దానికి ఆ ఫీడ్‌లో పూర్తి వ్యాసం దించుకునే ఎంపిక కూడా నొక్కి ఉంచాలి.

బ్లాగు చేర్చేటప్పుడు మామూలు చిరునామా అతికిస్తే చాలు, చాలాసార్లు రీడరే ఫీడ్‌ను వెతుక్కుంటుంది. దొరకకపోతే, వర్డ్‌ప్రెస్ బ్లాగయితే చిరునామా చివర స్లాష్, ఫీడ్ (/feed) అని చేర్చండి. బ్లాగ్‌స్పాట్ అయితే స్లాష్ ఫీడ్స్, స్లాష్ పోస్ట్స్, స్లాష్ డిఫాల్ట్ (/feeds/posts/default). ఫోన్లోంచి కాపీ చేసిన బ్లాగ్‌స్పాట్ చిరునామాకు చివర ప్రశ్నార్థకం, ఎమ్, సమానం, ఒకటి (?m=1) అనే తోక తరచు అంటుకుని ఉంటుంది. దాన్ని కోసేశాకే మిగతాది చేర్చాలి. ఒకే బ్లాగులో రాజకీయాలూ వంటలూ ఉండి మీకు వంటలే కావాలంటే, ఆ డిఫాల్ట్ తర్వాత స్లాష్, అడ్డగీత, స్లాష్ (/-/), ఆపైన ఆ లేబుల్ పేరు పెట్టండి. తెలుగు లేబుల్ అయినా పనిచేస్తుంది.

అందరూ విషయాన్ని బట్టి ఫోల్డర్లు చేస్తారు. సాహిత్యం ఒకటి, సాంకేతికం ఒకటి. మా సలహా వేరు: ఎంత తరచుగా రాస్తారన్నదాన్ని బట్టి విడదీయండి. ‘అరుదు’, ‘వారంవారం’ అని రెండు. దినపత్రికల ఫీడ్లు అసలు చేర్చకండి. రోజుకు వంద వార్తలు వచ్చి పడితే, మీరు ఎవరికోసం ఈ పని మొదలుపెట్టారో వారి టపా ఆ వరదలో కొట్టుకుపోతుంది. నోటిఫికేషన్లు ‘అరుదు’లోని బ్లాగులకే పెట్టండి. మిగతావి పేరుకుంటే ‘అన్నీ చదివినట్టే’ అని నొక్కేయండి, తప్పేమీ లేదు.

ఇక చిక్కుల సంగతి. టపా నాలుగు వాక్యాలు వచ్చి ఆగిపోతే, అది బ్లాగు యజమాని ఫీడ్‌ను ‘సారాంశం’గా పెట్టడం వల్ల. మీరే బ్లాగు రాస్తుంటే దయచేసి ‘పూర్తి’ అని మార్చండి, దూరాన ఉన్న పాఠకుడికి అది పెద్ద మేలు. బ్లాగు కొత్త చిరునామాకు మారితే పాత టపాలన్నీ మళ్లీ కొత్తవిగా దిగవచ్చు, ఎందుకంటే ప్రతి టపాకూ ఫీడ్‌లో ఉండే గుర్తింపు ఒక్కోసారి మారిపోతుంది.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది మౌనం దగ్గర. అరుదుగా రాసే మనిషి ఆర్నెల్లు రాయకపోతే మనకు అనుమానం రాదు. కానీ ఫీడ్ తెగిపోయినా రీడర్లో అలాగే ఖాళీగా కనిపిస్తుంది. పాత జాబితాల్లో బ్లాగ్‌స్పాట్ డాట్ ఇన్ అని ఉన్నవి ఇలాగే ఆగిపోయాయి. ఆ డొమైన్ 2020లో గూగుల్ చేతిలోంచి జారిపోయింది, కాబట్టి ఇన్ బదులు కామ్ అని మార్చాలి. కొన్నిసార్లు ఫైలు మొదట్లో ఒక్క ఖాళీ వరస చేరినా, సరిగా రాయని ఒక్క ‘అండ్’ గుర్తు (&) పడినా ఫీడ్ మొత్తం చదవరాకుండా పోతుంది. రాసేవారికి ఆ సంగతి తెలియకపోవచ్చు, ఒక వ్యాఖ్య పెట్టి చెప్పండి. మూడు నెలలకోసారి, కదలిక లేని బ్లాగులను నేరుగా తెరిచి చూడండి.

గూగుల్ రీడర్ 2013 జులై 1న మూతపడింది. ఓపీఎమ్ఎల్ ఫైలు దాచుకున్నవారు అదే జాబితాతో ఇంకో రీడర్‌కు మారిపోయారు. ఆ ఫైలు మీ బ్లాగుల చిరునామాల పట్టిక, అంతే. మెనూలో ‘ఎగుమతి’ నొక్కి ఆ ఫైలును మీకు మీరే మెయిల్ చేసుకోండి. బరంపురంలోనో రాయగడలోనో ఉన్న స్నేహితులకు పంపితే, వాళ్లు ‘దిగుమతి’ నొక్కగానే మీ నలభై బ్లాగులూ వాళ్ల ఫోన్లో ఉంటాయి.

ఇప్పుడు ఫోన్లు తీయండి. మీకు బాగా ఇష్టమై, ఈమధ్య కొత్త టపా కనిపించని బ్లాగు ఒక్కటి గుర్తుచేసుకోండి. దాని చిరునామాతోనే మొదలుపెడదాం.