ఆ ఇరవై మార్కులు

వేదిక మీది పెద్దలకు, ఎంఈవో గారికి, వెనక కుర్చీల్లో వాట్సాప్ చూసుకుంటున్న, ఇప్పుడు టీచర్లైన నా శిష్యులకు నమస్కారం. నాకిచ్చింది పది నిమిషాలు. 2023 జాతీయ పాఠ్య ప్రణాళిక గురించి చెప్పేవాళ్లు మధ్యాహ్నం వస్తారట. నేను అంతకుముందు వచ్చిన 'కొత్త' గురించి మాట్లాడతాను.

2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పాఠ్య ప్రణాళిక పత్రం వచ్చింది. 2012లో ఆరు, ఏడు, మరుసటేడు ఎనిమిది, తొమ్మిది, 2014లో పదో తరగతి పుస్తకాలు మారాయి. మంచి పుస్తకాలవి, ఎవరితోనైనా వాదిస్తాను. 'మీ ఊళ్లో అడిగి తెలుసుకోండి' అనే ప్రశ్నలు! అయితే వాటి మీద టీచర్లకిచ్చిన శిక్షణ సంగతి మీకు తెలుసు. రాష్ట్రంలో చెప్పింది జిల్లాకొచ్చేసరికి సగమైంది, మండలానికొచ్చేసరికి టీ, బిస్కెట్లు మిగిలాయి. నవ్వకండి, ఆ చెప్పినవాళ్లలో నేనూ ఒకణ్ని.

పదో తరగతికి 80 మార్కులు పరీక్షకు, 20 బడిలోనే వేసేలా టీచర్లం మన చేతికి ఇచ్చారు. అందులో ప్రాజెక్టుకు ఐదు. 'సహజ వనరులు' పాఠానికి ఊళ్లో బోర్ల మీద ప్రాజెక్టు ఇచ్చాను. మా నల్లగొండ వైపు బోరంటే ఏమిటో వేరే చెప్పాలా? క్లాసంతా బస్టాండు పక్క జిరాక్స్ షాపు నుంచి తెచ్చింది. రంగు అట్ట, లోపల అందరిదీ 'భూగర్బ జలం', ఒత్తు లేకుండా!

ఒక్క పిల్ల మాత్రం రూళ్ల కాగితాలు తెచ్చింది. కూలికి పోయే అమ్మతో తిరిగి 27 బోర్లు రాసింది. ఏ సంవత్సరం వేశారు, ఎన్ని అడుగులు, నీళ్లు పడ్డాయా. చివర నేను అడగని గడి ఒకటి గీసింది: అప్పు. "ఇదెందుకమ్మా?" అన్నాను. "అడగకున్నా వాళ్లే చెప్పిండ్రు సార్."

ఐదుకు ఐదు వేశాను. మిగతా అందరికీ కూడా ఐదే. ప్రైవేటు బళ్లు అందరికీ ఇరవైకి ఇరవై వేస్తున్నాయి, మన పిల్లల జీపీఏ ఎందుకు తగ్గాలి అని స్టాఫ్‌రూంలో అనుకున్నాం. నేనూ తలూపాను. రిజిస్టరు చూసి ఆ పిల్ల "అందరికీ ఐదేనా సార్?" అంది. "పద పద, బెల్లయింది" అన్నాను. తనిఖీకి వచ్చినాయన ఆ కాగితాలు తిరగేసి, "దీనికి అట్ట వేయించలేదేం మాస్టారూ?" అన్నాడు.

ఆంధ్రలో 2019లో ఆ ఇరవై ఎత్తేశారు. మనం నమ్మదగినట్టు వేసుంటే ఎత్తేసేవాళ్లా? వెనక సార్, లేవకండి, టీ ఇక్కడికే వస్తుంది.

ఎంఈవో గారూ, ఒక్కటే అడుగుతాను. రేపు ఈ కొత్తదాంట్లో కూడా ప్రాజెక్టులుంటాయి. ఒక టీచరు జిరాక్స్ ప్రాజెక్టుకు ఐదుకు ఒకటి వేస్తే, 'మార్కులు ఎందుకు తగ్గాయి' అని మెమో ఇవ్వరు కదా? ఇప్పుడే మైకులో చెప్పండి, అందరూ వింటున్నారు.

టైమయిందని చీటీ పంపారు. సరే. ఆ రూళ్ల కాగితాలు ఇవిగో, ఇన్నేళ్లూ నా దగ్గరే ఉన్నాయి. ముందు వరుస నుంచి పంపండి. చివరి గడి చూడండి. సభ అయ్యేలోగా మళ్లీ నాకు చేరాలి.