పింగ్‌కు ఫుల్ ఫామ్ యాడిదప్పా?

ఏమప్పా, అందరూ బాగుండారా? అనంతపురం నుంచి మాట్లాడతాండా. పొద్దున్నుంచి ఒకటే రీల్ తిరుగుతాంది, మీరూ చూసే ఉంటారు. నెట్‌వర్క్‌లో అవతలి కంప్యూటర్ పలుకుతాందా లేదా అని చూసే ప్రోగ్రాం పేరు పింగ్. కోచింగ్ సారొకాయన బోర్డు మీద రాసి, ఆ పింగ్ అంటే ప్యాకెట్ ఇంటర్నెట్ గ్రోపర్, పరీక్షలో గ్యారంటీగా వస్తాది అంటాడు. పిల్లోళ్లు తలొంచి రాసుకుంటాండారు! కాదప్పా! అది ఫుల్ ఫామ్ కానే కాదు. చప్పుడు. ఉత్త చప్పుడు!

ఆ ప్రోగ్రాం రాసిన మైక్ మూస్ అనే ఆయనే చెప్పినాడు. అమెరికా సైన్యం బాలిస్టిక్ రీసెర్చ్ ల్యాబ్‌లో పని ఆయనకు. 1983 డిసెంబరులో నెట్‌వర్క్ తిక్కతిక్కగా చేస్తాంటే కూర్చోని రాసి పారేసినాడు. పేరు మాత్రం సోనార్ చప్పుడుది. జలాంతర్గామిని వెతికేదానికి నీళ్లలోకి పింగ్‌మని శబ్దం వదుల్తారు, తగిలి తిరిగొస్తాది, ఎంతసేపటికొచ్చిందో చూసి దూరం లెక్కేస్తారు. గండికోట అంచున నిలబడి పెన్నా లోయలోకి ‘ఓయ్’ అని అరిచినట్ల! కంప్యూటర్లో పింగ్ కొడితే అవతలికి పోయేదాని పేరే ఎకో రిక్వెస్ట్, అంటే మారుమోత అడిగేది. నల్ల తెర మీద ‘టైమ్’ అని మిల్లీసెకన్లు పడతాయే, అది పోయొచ్చిన లెక్క. ఇంత ముచ్చటైన పేరును పట్టుకోని గ్రోపర్ అంట! చీకట్లో తడుముకునేవాడంట!

కంప్యూటర్ పుట్టకముందే ఆ మాట ఉంది సామీ. తుపాకీ గుండు ఇనుముకు తగిల్తే పింగ్. పింగ్‌పాంగ్ ఆట పేరూ బంతి చప్పుడే. దానికీ ఫుల్ ఫామ్ చెప్పు, రాసుకుంటాం!

అసలు తెలుగోళ్లకు ఇది చెప్పాల్సిన పనేముంది? గుళ్లో గంట ఖంగుమంటాది, చేజారిన చెంబు ఠంగుమంటాది, బాయిలో బిందె బుడుంగుమంటాది. మనం చప్పుడుకు ‘అను’ తగిలిస్తాం, ఇంగ్లీషోళ్లు చప్పుడునే పని చేసేసి ‘పింగ్ మీ’ అంటారు, ఒక మెసేజ్ కొట్టు అని. బెంగళూరులో ఉండే మన పిల్లోళ్లు ‘పింగ్ చేస్తా అన్నా’ అంటే ఫ్యాషన్ అని నవ్వుతాం గానీ, బెలుం పోయి సప్తస్వరాల గుహలో రాయిని వేలి కణుపుతో కొట్టి చూడండి, అదేం పలుకుతాదో!

నా అనుమానం ఒకటే. ఫుల్ ఫామ్ ఉంటేనే చదువు అనే రోగం పట్టింది మనకు. న్యూస్ అంటే నార్త్, ఈస్ట్, వెస్ట్, సౌత్ అని నేర్పినారు కదా? అదీ దొంగదే, ‘న్యూ’ నుంచి వచ్చిందంతే. మీ సార్లు ఇంకేం దొంగ ఫుల్ ఫామ్‌లు రాయించినారో కింద పెట్టండి. వచ్చే వీడియోలో ఒక్కోదాన్ని ఉతికి ఆరేస్తా!