నిలబెట్టి తీసిన ఎక్స్‌రే

నమస్కారం. మోకాళ్ల అరుగుదల గురించి నాలుగు మాటలు. టైము తక్కువ, మందులూ ఆపరేషన్ల జోలికి పోను.

మా పిన్నికి యాభై దాటాక మోకాలి నొప్పి మెట్ల దగ్గర మొదలైంది. కూర్చుంటే తగ్గిపోయేది. కొన్నేళ్లకు పొద్దున్నే కాలు బిగుసుకుపోవడం, నాలుగడుగులు వేశాక సర్దుకోవడం, ఆ తర్వాత గుడిలో బాసింపట్టు వేసుకుని కూర్చుంటే ఎవరో ఒకరు చెయ్యిచ్చి లేపాల్సి రావడం. ఎక్స్‌రే తీయిస్తే "కొంచెం అరిగిందమ్మా, అంతే" అన్నారు. పిన్నికి ఒళ్లు మండింది. "మరి ఇంత నొప్పి ఎందుకురా?" అని నన్నడిగింది, నేనే తీసినట్టు!

ఆ ఎక్స్‌రే పడుకోబెట్టి తీసింది. ఎక్స్‌రేలో గుజ్జు కనబడదండీ, ఎముకలూ వాటి మధ్య ఖాళీయే కనబడతాయి. ఖాళీని బట్టి గుజ్జు ఎంత మిగిలిందో అంచనా వేస్తారు. పడుకుంటే కాలి మీద బరువు పడదు, ఖాళీ ఉన్నట్టే ఉంటుంది. ఇంకో డాక్టరు నిలబెట్టి తీయించారు. మోకాలి లోపలి వైపు ఖాళీ దాదాపు లేదు.

ఎక్స్‌రే చూసి అరుగుదలకు నెంబరు వేయడానికి, ఇంగ్లండులో కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు డాక్టర్లు 1957లో పెట్టిన లెక్కే ఇప్పటికీ వాడుతున్నారు, సున్నా నుంచి నాలుగు దాకా. ఒకటిలో అరుగుదల ఉందేమోనని అనుమానం, రెండులో ఎముక అంచున మొలకలు ఖాయం, మూడులో ఖాళీ తగ్గడం ఖాయం, నాలుగులో ఖాళీ బాగా పోయి ఎముక రూపమే మారిపోతుంది. లోపలి వైపు ఎక్కువ అరిగితే దొడ్డికాళ్లు పడతాయి. అందరూ నాలుగు దాకా వెళ్లరు, చాలామంది ఏళ్ల తరబడి ఒకేచోట ఆగుతారు. ఫిల్ముకీ నొప్పికీ పొంతన ఉండాలనీ లేదు: పిన్ని రెండో మోకాలు ఫిల్ములో మూడు, అయినా దానికి నొప్పి లేదు! అందుకే నెంబరు చూసి హడలిపోకండి. తొడ కండరాలకు వ్యాయామం, ఒళ్లుంటే కాస్త తగ్గడం, ఏ నెంబరుకైనా పనికొస్తాయి.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఎక్స్‌రే గదిలో "నిలబెట్టి తీయండి" అని అడగండి, రెండు మోకాళ్లూ నిలబెట్టే. పాత ఫిల్ము పారేయకండి, కొత్తదాని పక్కన పెడితేనే ఎంత మారిందో తెలుస్తుంది. ఒకటి పడుకోబెట్టి, ఒకటి నిలబెట్టి తీసినవైతే మాత్రం పోల్చి లాభం లేదు, ఆ మాట డాక్టరుకు ముందే చెప్పండి.