ట్యూబులు పారేయకండి

(జాతీయ సైన్స్ దినోత్సవం సందర్భంగా తిరుపతిలో చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకు, సార్లకు, మేడమ్‌లకు, పొద్దున్నుంచీ కుర్చీలు మోసిన పిల్లలకు నమస్కారం. పేరుపేరునా చెప్పుకుంటూ పోతే నాకిచ్చిన అరగంటలో సగం అక్కడే అయిపోతుంది, మన్నించండి. కార్డులో నా ప్రసంగానికి ‘సముద్ర జీవశాస్త్రంలో పరిశోధన అవకాశాలు’ అని పేరు వేశారు. అవకాశాల గురించి చెబుతాను. కానీ ల్యాబుల్లో దాచిన బ్యాక్టీరియా ట్యూబుల గురించి ఏళ్ల తరబడి గొంతులో ఉన్న మాట ఇంకొకటుంది. అది చెప్పకుండా దిగలేను.

నేను పరిశోధనలో చేరినప్పుడు ఇంటికొచ్చిన చుట్టాలందరిదీ ఒకటే ప్రశ్న. ‘తిరుపతిలో సముద్రం ఎక్కడుందమ్మా?’ అప్పుడు మనది చిత్తూరు జిల్లా, నిజంగానే సముద్రం లేదు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడ్డాక సూళ్లూరుపేట, తడ మన జిల్లాలోకి వచ్చాయి, వాటితో పాటే పులికాట్ సరస్సూ వచ్చింది. దేశంలో చిల్కా తర్వాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు అదే. ఒకవైపు కాళంగి నది మంచినీళ్లు తెస్తుంది, ఇంకోవైపు సముద్రం లోపలికి వస్తుంది. వానలకు ఉప్పు తగ్గుతుంది, ఎండలకు పెరుగుతుంది. ఆ నీళ్లలో బతికే బ్యాక్టీరియా ఈ మార్పును ఏ జన్యువుతో తట్టుకుంటోంది? పీహెచ్‌డీకి టాపిక్ దొరకడం లేదనేవాళ్లకు ఇదొక్కటి చాలదా?

తెల్లవారుజామున బస్సెక్కి శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా సూళ్లూరుపేట వెళ్లేదాన్ని. వచ్చేటప్పుడు ఒళ్లో థర్మోకోల్ పెట్టె, అందులో చేపలమ్మేవాళ్ల దగ్గర కొన్న ఐసు, ఐసులో సీసాలు. ఒకసారి కండక్టర్ అడిగాడు, ‘ఏందమ్మా పెట్టెలో, చేపలా?’ ‘కాదన్నా, నీళ్లు.’ ‘నీళ్లకు ఐసెందుకు?’ ఎండకు సీసాలోనే బ్యాక్టీరియా పెరిగిపోతే సరస్సులో నిజంగా ఎంత ఉందో తెలియదని చెప్పాను. నాయుడుపేట వచ్చేదాకా అడుగుతూనే ఉన్నాడు, నేను చెబుతూనే ఉన్నాను. నా పని గురించి అంత శ్రద్ధగా విన్నవాళ్లు ఆ రోజుల్లో తక్కువ.

అప్పట్లో తీరంలోని హ్యాచరీల్లో రొయ్య పిల్లలు కుప్పలుగా చచ్చిపోతుంటే ట్యాంకు నీళ్లు మా ల్యాబుకు పంపేవాళ్లు. ఆ నీళ్లు బ్యాక్టీరియాను పెంచే అగార్ ప్లేటు మీద పూసి, మర్నాడు చీకటి గదిలోకి తీసుకెళ్లాను. తలుపు వేశాక మొదట ఏమీ కనిపించలేదు. పది నిమిషాలకు కళ్లు చీకటికి అలవాటు పడ్డాయి. నీలం, ఆకుపచ్చ కలిసిన వెలుగు ఒక చుక్క, పక్కనే ఇంకొకటి, ఆ తర్వాత ప్లేటంతా. అంచు పట్టుకున్న నా బొటనవేలి గోరు ఆ వెలుగులో కనిపించింది. అది విబ్రియో హార్వేయి అనే బ్యాక్టీరియా. ఒంటరిగా ఉంటే వెలగదు. ప్రతి కణం ఒక చిన్న రసాయనాన్ని నీళ్లలోకి వదులుతుంది. పదిమందీ చేరి ఆ రసాయనం చిక్కబడితేనే వెలుగునిచ్చే లక్స్ జన్యువులు పనిచేస్తాయి. పంచాయతీ సమావేశం జరగాలంటే తగినంత మంది, అంటే కోరం, ఉండాల్సినట్టే. శాస్త్రంలోనూ దాన్ని కోరం సెన్సింగ్ అనే అంటారు.

వెల్వెట్ గుడ్డ సంగతి కూడా చెప్పాలి. 1952లో జాషువా, ఎస్తర్ లెడర్‌బర్గ్ అనే శాస్త్రవేత్తల దంపతులు ఒక ప్లేటు మీది బ్యాక్టీరియా కాలనీలను, అంటే గుంపులను, వెల్వెట్‌తో అద్ది, అదే వరుసలో ఇంకో ప్లేటు మీదికి దించారు. మందును తట్టుకునే కణాలు మందు తగలకముందే అక్కడ ఉన్నాయని అలా చూపించారు. ఆ ప్రయోగం చేయాలని నేను గాంధీ రోడ్డులో వెల్వెట్ అడిగితే, ‘రవికకా అమ్మా?’ అన్నాడు కొట్టాయన. మీటరు కొని, ముక్కలు కోసి, ఆవిరితో సూక్ష్మజీవులను చంపే ఆటోక్లేవ్‌లో పెట్టాను. చక్కగా పనిచేసింది.

ఇక నా మాటకు వస్తాను. నాలుగేళ్లలో పులికాట్ నుంచి, హ్యాచరీల నుంచి 340 విబ్రియో బ్యాక్టీరియాలను వేరు చేశాను. గడ్డకట్టినా కణాలు చావకుండా గ్లిజరాల్ కలిపి, చిన్న ట్యూబుల్లో పోసి, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో దాచాను. థీసిస్ ఇచ్చాను, ఉద్యోగం వచ్చింది, ఊరు మారాను. ఒక వేసవి సెలవుల్లో కరెంటు పోయింది. ఫ్రీజర్ జనరేటర్ లైనుకు లేదు. చూసేసరికి అన్నీ కరిగిపోయి ఉన్నాయట. అన్నీ పారేశారు. నేను వెళ్తే ఖాళీ పెట్టె చేతికిచ్చారు. మూత మీద నా చేతిరాత అలాగే ఉంది, ‘పులికాట్, 1996’. ఏ సంస్థో చెప్పను, ఎవరినీ వేలెత్తి చూపను. కానీ ఆ పెట్టె బరువు నాకింకా గుర్తుంది. ఏమీ బరువు లేదు.

పోతే పోయాయి, థీసిస్ ఉందిగా అంటారు. 2009లో చైనాలో రొయ్యలకు ఒక కొత్త జబ్బు మొదలైంది. గుంటలో రొయ్య పిల్లలను వదిలిన నెలలోపే చచ్చిపోయేవి. దానికి కారణం ఒక రకం విబ్రియో పారాహీమోలిటికస్ అని 2013లో తేలింది. తర్వాత చూస్తే, విషం తయారుచేసే జన్యువులు ప్లాస్మిడ్ మీద ఉన్నాయి. ప్లాస్మిడ్ అంటే ఒక కణం నుంచి ఇంకో కణానికి వెళ్లగలిగే డీఎన్‌ఏ ముక్క. నా విద్యార్థిని ఒకమ్మాయి అడిగింది, ‘మేడమ్, 1996లో మన పులికాట్‌లో ఈ జన్యువులు ఉన్నాయా?’ ట్యూబులుంటే, జన్యువు ఉందో లేదో చూపే పీసీఆర్ పరీక్ష పెట్టి ఒక్క రోజులో చెప్పేదాన్ని. థీసిస్ చూసి చెప్పలేను. థీసిస్‌లో డీఎన్‌ఏ ఉండదమ్మా.

ముర్రే అనే ఆయన 1917 నుంచి 1954 దాకా రోగుల నుంచి తీసిన బ్యాక్టీరియాను దాచి ఉంచాడు. వాటిలో చాలావరకు యాంటీబయాటిక్స్ వాడుకలోకి రాకముందువి. 1983లో హ్యూస్, నవోమి దత్తా అనే శాస్త్రవేత్తలు వాటిని తెరిచి చూశారు. ప్లాస్మిడ్లు అప్పుడే ఉన్నాయి, వాటి మీద మందులను తట్టుకునే జన్యువులు మాత్రం లేవు. మనం మందులు వాడాక అవి వచ్చి చేరాయి. ముర్రే దాచకపోతే ఇది ఎలా తెలిసేది? లెన్‌స్కీ అనే శాస్త్రవేత్త 1988లో ఇ. కొలై అనే బ్యాక్టీరియాను 12 ఫ్లాస్కుల్లో పెంచడం మొదలుపెట్టి, ప్రతి 500 తరాలకు కొంత ఫ్రీజర్‌లో పెడుతూ వచ్చారు. సుమారు 31,500 తరాలప్పుడు ఒక ఫ్లాస్కులో అది అంతకుముందు తినలేని సిట్రేట్ అనే పదార్థాన్ని తినడం నేర్చుకుంది. ఎలా నేర్చిందో చూడాలంటే వెనక్కి వెళ్లి పాత ట్యూబు తెరిచారు. వెనక్కి వెళ్లడానికి వాళ్లకు దారి ఉంది. నాకు లేకుండా పోయింది.

ఈ ఏడాది థీసిస్ ఇచ్చేవాళ్లు ఒకసారి చెయ్యెత్తండి. సిగ్గుపడకండి. ఆరుగురున్నారు. మీ ట్యూబులు ఎక్కడున్నాయో మీకు కాక ఇంకెవరికి తెలుసు? ఒక్కరికీ తెలియదు కదా? సార్, మిమ్మల్నీ అడుగుతున్నాను, ఫ్రీజర్‌ను జనరేటర్ లైనుకు కలిపించండి. ప్రతి బ్యాక్టీరియాకు రెండు ట్యూబులు పెట్టించండి, రెండోది వేరే భవనంలో ఉండాలి. ముఖ్యమైనవి చండీగఢ్‌లోని ఎంటీసీసీ అనే సూక్ష్మజీవుల నిల్వ కేంద్రానికి పంపండి. ఇలాంటివి భద్రపరచడానికే అది 1986 నుంచి ఉంది.

అవకాశాల గురించి ఎక్కువ చెప్పలేకపోయాను. ఒక రిజిస్టరు తెచ్చాను, గళ్లు నేనే గీశాను. ట్యూబు నంబరు, ఎక్కడి నీళ్లు, ఏ తేదీ, ఏ ఫ్రీజర్, ఏ అర. చెయ్యెత్తిన ఆరుగురూ టీ తాగాక ఆ కిటికీ పక్క బల్ల దగ్గరికి రండి. ఈరోజే మొదటి పేజీ రాద్దాం.