నల్లగొండ ఎండలో నా ఫజ్ పెడల్

నమస్తే అండీ. ఈసారి అమెరికాలోని మిన్నెసోటా నుంచి కాదు, నల్లగొండలో మా అమ్మవాళ్లింటి నుంచి మాట్లాడుతున్నా. మే నెల, మధ్యాహ్నం రెండు, బయట 44 డిగ్రీలు. వెనక వినిపిస్తున్నది కూలర్ చప్పుడు.

ఇదిగో, పళ్లెంలా గుండ్రంగా ఉన్న ఈ డబ్బా పేరు ఫజ్ ఫేస్. కాలితో నొక్కితే గిటార్ స్వరాన్ని గరగరలాడించే పెడల్. 1966లో లండన్‌లో ఐవర్ ఆర్బిటర్ తీసుకొచ్చాడు. మైక్ స్టాండ్ అడుగున ఉండే గుండ్రటి దిమ్మను చూసి ఈ ఆకారం తట్టిందట. రెండు నాబ్‌లు కళ్లు, కింద రబ్బరు ముక్క నోరు. నాకైతే ఎప్పుడు చూసినా ముద్దొస్తుంది. నా దాంట్లో ట్రాన్సిస్టర్లు ఎవరో ఎప్పుడో మార్చి ఏసీ128 అనే పాత జర్మేనియం రకానివి వేశారు.

మిన్నెసోటాలో మా బేస్‌మెంట్ చల్లగా ఉంటుంది, ఇది తేనెలా మోగేది. ఇక్కడికి తెచ్చి మీటితే స్వరం తెగిపోతోంది, తుప్పుతుప్పుమని ఆగిపోతోంది. విమానంలో దెబ్బ తగిలిందేమోనని రాత్రంతా టెన్షన్.

పొద్దున్నే క్లాక్ టవర్ దాటి, సందులో ఉన్న పాత రేడియో షాపుకు తీసుకెళ్లా. షాపు నడిపే కాకాకు డెబ్బై దాటి ఉంటాయి. గిటార్ పెడల్ ఎప్పుడూ చూడలేదు. మూత విప్పి, బ్యాటరీ వైర్లు చూడగానే, "పాజిటివ్ ఎర్త్ గదా. జర్మేనియం ఉన్నట్టుంది. ఎండలకు నా రేడియోలు గూడ గిట్లనే చేసేటివి బిడ్డా" అన్నారు.

పాజిటివ్ ఎర్త్ అంటే బ్యాటరీ ప్లస్ వైపు ఎర్త్‌కు కలిపి ఉందని. నాకు ఒళ్లు ఝల్లుమంది. అవునండీ, జర్మేనియం ట్రాన్సిస్టర్‌లో వేడి పెరిగేకొద్దీ లీకేజీ కరెంటు, అంటే అక్కర్లేకుండా కారిపోయే కరెంటు, పెరుగుతుంది. దాదాపు పది డిగ్రీలకు రెట్టింపు. ఇందులో ఉన్నవే మొత్తం 11 భాగాలు: రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు, మూడు కండెన్సర్లు, తిప్పే కంట్రోళ్లు రెండు (ఒకటి వాల్యూమ్‌కు, ఒకటి ఫజ్‌కు). అందుకే ఒక్కటి దారి తప్పినా దాచుకోవడానికి చోటు లేదు.

కాకా మీటర్ పెట్టారు. రెండో ట్రాన్సిస్టర్‌కు కలెక్టర్ అనే కాలు దగ్గర నాలుగున్నర వోల్టులు ఉండాలి, ఏడు దాటింది. అప్పుడు ఆయన చేసిన పని నేనెక్కడా చదవలేదు. రంజన్ కుండలోంచి స్టీలు గ్లాసులో నీళ్లు ముంచి, అడుగు తడి లేకుండా తుడిచి, మొదటి ట్రాన్సిస్టర్ నెత్తిన ఆనించారు. "ఇప్పుడు వాయించు." వాయించా. స్వరం నెమ్మదిగా తిరిగొచ్చింది! మీటర్ ముల్లు కూడా దిగింది.

గ్లాసు పెట్టుకుని వాయించలేం కదా. 8.2 కిలో ఓమ్ రెసిస్టర్ తీసి, దాని చోట ఒక ప్రీసెట్, అంటే తిప్పి విలువ మార్చుకునే చిన్న రెసిస్టర్, పెట్టి టాంకా (సోల్డర్) వేశారు. స్క్రూడ్రైవర్‌తో తిప్పి నాలుగున్నరకు తెచ్చారు. పాత రెసిస్టర్ పారేయొద్దన్నా, కాగితంలో చుట్టి ఇచ్చారు. పాత వస్తువులో భాగం మారిస్తే తీసినదాన్ని దాచాలి, ఈ విషయంలో నేను చాలా పట్టింపు మనిషిని. వాల్యూమ్ కంట్రోల్ గరగర క్లీనర్ కొడితే పోయింది.

బెంగళూరులో బెల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) కంపెనీ 1960ల్లోనే జర్మేనియం ట్రాన్సిస్టర్లు చేసింది. అలాంటివి కాకా దగ్గర ఒక హార్లిక్స్ సీసాలో ఉన్నాయి, పాత రేడియోల్లోంచి తీసినవి. ఒక్కోటీ మీటర్‌కు పెట్టి, లీకేజీ తక్కువున్న రెండు ఏరి నా చేతిలో పెట్టారు. డబ్బులు ఇవ్వబోతే టాంకాకు మాత్రమే తీసుకున్నారు.

"మీ దిక్కు మంచు పడుతదంట గదా. ఆ సలికి ఎట్ల మోగుతదో ఫోన్‌ల వినిపియ్యి బిడ్డా. నేను ఎండల చెడినయే విన్న, సలిల మోగంగ ఎన్నడూ వినలె."

కాకా నంబర్ రాసుకున్నా. జనవరిలో, గరాజ్ తలుపు తెరిచి పెట్టి వాయిస్తా.